చివరి అంకె

రాత్రి రెండు దాటాక గంటన్నర.
ఆ వేళ రక్తం అడిగేవాళ్లు తక్కువని
మలక్‌పేట బ్లడ్ బ్యాంకు ఎస్తేరమ్మ గారు
క్యాలెండర్ మీద పెన్సిల్‌తో సున్నా చుట్టి ఇచ్చారు.
పెన్సిలెందుకంటే
పెన్నుతో రాస్తే మాత్రం యాక్సిడెంట్లు ఆగుతాయా అంటారు.

చిలకలగూడలో మూడో అంతస్తు.
బియ్యం డబ్బా మీద లాప్‌టాప్,
గాలి కోసం తెరిచిన బాల్కనీ తలుపు.
ఈసారి మారేది వెర్షన్‌లో చివరి అంకె ఒక్కటే.
తొమ్మిది పోయి పది.
దీనికెవరూ కొబ్బరికాయ కొట్టరు.
కొత్తగా ఏమొచ్చిందని అడిగితే
ఏమీ రాలేదు, ఒకటి రాకుండా ఆగింది
అని చెప్పుకోవాలి.

ఆ ఒకటి ఏమిటంటే
కొటేషన్ గుర్తును కాస్త వంకరగా చూపిస్తే
కాపలావాడే లేచి సలాం కొట్టి లోపలికి పంపిస్తాడట.
ఏళ్లుగా అలాగే ఉందట ఆ తలుపు.
దానికి వీపు ఆనించుకునే మేమంతా టీ తాగాం.
కనిపెట్టినతని పేరు నోట్సులో ఒక వరుస,
మూసినామె పేరు అందులో సగం.
ఏ ఊరివాళ్లో, ఆ రాత్రి ఎవరి పొయ్యి మీద కూర మాడిందో.
పైసా అడగలేదు.
ఆలస్యం చేయకండి అన్నారు, అంతే.

నేను ఆరు వారాలు చేశాను.
ఆడిట్ అన్నాను, బోనాలన్నాను,
బాగానే తిరుగుతోంది కదా అన్నాను.

కింద సందులో ఇనప చప్పుడు.
నీళ్ల బోర్డు పెంటయ్య
వాల్వు గుంత మూత జరిపి
తన ఎత్తున్న తాళంచెవి దించి తిప్పుతున్నాడు.
చుట్ల లెక్క పెదాల మీదే.
నా లైటు చూసి తలెత్తాడు.
"ఏంది మేడం, పండలే?"
"రిపేరు."
"ఏం ఖరాబైంది?"
"ఇంకా ఏం కాలే."
"నాది గూడ గంతే" అని మళ్లీ వంగాడు.

ఆపాను. ఎక్కించాను. లేపాను.
పది అని చూపించింది.
అలవాటుగా కొన్ని పేర్లు వెతుకుతాను.
మన్నాన్ ఉన్నాడు.
డేవిడ్ రత్నం ఉన్నాడు.
క్షమాబాయి లేదు.

బోరబండ, ఓ నెగెటివ్.
పిలిస్తే షేర్ ఆటోలో వచ్చి
రక్తమిచ్చి, వాళ్లిచ్చిన బిస్కెట్లు కొంగున కట్టుకుపోయే మనిషి.
మళ్లీ కొట్టాను. లేదు.
వేళ్లు చల్లబడ్డాయి.
మొత్తం వరుసలు లెక్క పెట్టించాను:
అరవై ఒక్క వేల రెండు వందల ఏడు.
నిన్నా అంతే.
అంటే ఎక్కడికీ పోలేదు,
నేను అడుగుతున్న చోట లేదు.

పనిలో పనిగా అక్షరాల వరుస చూసే లైబ్రరీని కూడా
ఇవాళే కొత్తది చేశాను.
పలక మీద నేర్చుకున్నప్పుడు క్ష చివరన ఉండేది,
ఱ పక్కన, బండి దొరకనివాళ్లలా.
కొత్త లైబ్రరీ దాన్ని క ఇంటికి మార్చింది.
ఇండెక్స్‌కు ఆ కబురందలేదు.
మా సందులో అంతే:
పాత నంబరూ కొత్త నంబరూ ఒకే గోడ మీద,
పార్సిల్ కుర్రాడు మా గేటు ముందే నిలబడి
ఇల్లెక్కడని ఫోన్ చేస్తాడు.

ఇండెక్స్ మొదటినుంచి కట్టించాను.
పద్నాలుగు నిమిషాలు.
ఫోన్ వైపు చూడకుండా చూస్తూ కూర్చున్నాను.
సున్నా పెన్సిల్‌తో చుట్టిందే కదా.

మూడూ ఇరవై.
క్షమాబాయి, నలభై నాలుగు,
చివరిసారి ఇచ్చింది జూన్‌లో.
నంబరు కూడా అదే.
ఆ వేళప్పుడు ఫోన్ చేస్తే తిడుతుంది కాబట్టి చేయలేదు.

రిజిస్టర్‌లో రాశాను.
మార్పు: చివరి అంకె.
ప్రభావం: లేదు.
కాసేపు చూసి, లేదు కొట్టేసి,
పద్నాలుగు నిమిషాలు, ఒక మనిషి
అని దిద్దాను.

వంటింట్లో నల్లా దగ్గింది.
ముందు గాలి, తర్వాత తుప్పు రంగు.
తెల్లబడేదాకా ఆగి
బిందె పెట్టాను.